వియన్నా ప్రయాణం: మే చివరి రోజులకే నా ఓటు

ప్రశ్న: మా నాన్నగారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకు సంగీతమంటే ప్రాణం. వియన్నాలో ఒక్క కచేరీ అయినా కూర్చుని వినాలని చిరకాలపు కోరిక. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. నాన్నగారికి చలిగాలి తగిలితే ఆయాసం వస్తుంది. మా అబ్బాయి ఏడో తరగతి. మావారికి క్రిస్మస్ దీపాలు, మంచు చూడాలని ఉంది, అందుకని డిసెంబరు అంటున్నారు. ట్రావెల్ ఏజెంటు మాత్రం జూలైలో మంచి వేసవి, అప్పుడే వెళ్ళండి అంటున్నాడు. ఫోనులో చూస్తే డిసెంబరులో పగలు 4 డిగ్రీలు, జూలైలో 27 డిగ్రీలు అని ఉంది. పది రోజులు ఉందామనుకుంటున్నాం. ఎప్పుడు వెళ్తే మంచిది?
ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: అమ్మా, మే 15 దాటాక బయలుదేరి, జూన్ మొదటి వారం ముగిసేలోపు ఇంటికి చేరేలా చూసుకోండి. అది కుదరకపోతే దసరా సెలవులు. డిసెంబరు, జూలై రెండూ మీ కుటుంబానికి సరిపడవు. కారణాలన్నీ వివరంగా రాస్తాను, ఇంట్లో మీవారిని, ఫోనులో ఏజెంటును ఒప్పించవలసింది మీరే కాబట్టి.

ముందు ఆ ఫోను అంకెల సంగతి. అది నీడలో పెట్టిన థర్మామీటరు చెప్పే మాట. వెలుతురు ఎంతసేపు ఉంటుందో, గాలి ఎంత విసురుగా కొడుతుందో, రాత్రి మీరు పడుకునే గది ఎలా ఉంటుందో అందులో ఉండదు. వియన్నా విషయంలో ఆ అంకె కన్నా ఈ మూడే ముఖ్యం. ఆస్ట్రియా రాజధాని అయిన ఆ ఊరు 48వ అక్షాంశం మీద, సముద్రానికి దూరంగా ఉంది. ఒక పక్క ఆల్ప్స్ పర్వతాలు వచ్చి ముగుస్తాయి, మరో పక్క హంగేరీ వైపు మైదానం మొదలవుతుంది. ఈ రెండింటి నడుమ గాలి వీచని రోజులు తక్కువ. 4 డిగ్రీలు అని చూసి వెళ్ళినవారికి ఆ గాలిలో అది సున్నాలా తగులుతుంది.

వీటిలోనూ వెలుతురుదే మొదటి స్థానం అంటాను. రాజమహేంద్రవరంలో ఏడాది మొత్తంలో అతి చిన్న పగలైనా పదకొండు గంటలు ఉంటుంది. అందుకే ప్రయాణం గురించి ఆలోచించేటప్పుడు పగటి పొడవు మనకు తట్టదు. వియన్నాలో డిసెంబరు చివర పగలు ఎనిమిది గంటల ఇరవై నిమిషాలే, జూన్‌లో పదహారు గంటలు. డిసెంబరులో ఉదయం ఏడున్నర దాటితే గాని తెల్లవారదు, సాయంత్రం నాలుగింటికే సూర్యుడు అస్తమిస్తాడు.

ఇప్పుడు మీ అమ్మగారితో ఒక రోజు ఎలా గడుస్తుందో ఆలోచించండి. మోకాళ్ళ నొప్పులున్నవారు ఉదయం పూట ఒక చోటు చూసి, భోజనం చేసి, గదికి వచ్చి రెండు మూడు గంటలు కాళ్ళు చాపుకోవాలి. తర్వాత ఇంకో చోటికి వెళ్ళాలి. అలా అయితేనే పది రోజులూ హాయిగా సాగుతాయి. డిసెంబరులో ఆ మధ్యాహ్నపు విశ్రాంతి అయ్యేసరికి బయట చీకటి పడిపోతుంది. పెద్దవాళ్ళు ఇక కదలలేమంటారు, వాళ్ళను వదిలి వెళ్ళలేక మీరూ గదిలోనే ఉండిపోతారు. అదే మే చివర్లో అయితే సాయంత్రం నాలుగున్నరకు తీరికగా లేచి కాఫీ తాగి బయలుదేరినా ఇంకా నాలుగు గంటల ఎండ మిగిలి ఉంటుంది. అక్కడ అప్పుడు సూర్యాస్తమయం రాత్రి ఎనిమిదిన్నర దాటాకే. ఒకే హోటలు, అవే టికెట్ల డబ్బులు, కానీ చూడగలిగేది దాదాపు రెట్టింపు. పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి ఇంతకన్నా పెద్ద లెక్క లేదని నా గట్టి అభిప్రాయం.

డిసెంబరు మీద మీవారికున్న మోజు నాకు అర్థమవుతుంది. నగర పాలక భవనమైన రాట్‌హౌస్ ముందు నవంబరు మధ్య నుంచి క్రిస్మస్ సంత మొదలవుతుంది, చెట్లన్నీ దీపాలతో నిండిపోతాయి. నిజంగా అందమైన దృశ్యం. ఇద్దరే వెళ్ళే యువ దంపతులు అడిగి ఉంటే వెళ్ళి రమ్మనే చెప్పేదాన్ని. కానీ ఆ సంతలో తినేదీ తాగేదీ అంతా ఆరుబయట, చలిలో నిలబడే. కూర్చునే చోటు వెతుక్కోవాలి. నాన్నగారికి ఆయాసం తెప్పించేది సరిగ్గా ఆ గాలే. పైగా లోపల 22 డిగ్రీల వెచ్చదనం, బయట సున్నా. దుకాణంలోకి, ట్రాములోకి, మ్యూజియంలోకి వెళ్ళిన ప్రతిసారీ కోటు విప్పడం, బయటికి రాగానే మళ్ళీ తొడగడం. వెచ్చబెట్టిన గదుల్లో గాలి పొడిగా ఉండి గొంతు ఎండిపోతుంది. ఉబ్బసం ఉన్నవారికి ఈ మార్పులు మంచివి కావు.

ఇక మంచు సంగతి. సినిమాల్లో, పోస్టుకార్డుల్లో చూసి డిసెంబరు అంటే వియన్నా తెల్లగా ఉంటుందనుకుంటారు. నగరంలో క్రిస్మస్ నాటికి నేల మీద మంచు లేని సంవత్సరాలే ఎక్కువ. పడినా ఒకటి రెండు రోజుల్లో కరిగి బురదవుతుంది. దానికి బదులు మీకు తప్పకుండా కనిపించేది బూడిదరంగు ఆకాశం. చలికాలంలో మైదానం మీద పొగమంచు ఒక కప్పులా పరుచుకుని రోజుల తరబడి కదలదు. గంటన్నరలోపు రైలు దూరంలో, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న సెమ్మరింగ్ కనుమలో అదే రోజు ఎండ కాస్తూ ఉండవచ్చు, కింద వియన్నాలో మాత్రం దీపాలు వేసుకుని కూర్చుంటారు. మంచు కోసమే వెళ్ళాలనుకుంటే జనవరి చివర, ఫిబ్రవరిలో కొండల్లో బస చేయాలి. రాజధాని నగరంలో దాని కోసం ఎదురుచూడకూడదు. అయినా మీవారి ముచ్చట పూర్తిగా వదులుకోనక్కరలేదు, దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

జూలై గురించి ఏజెంటు చెప్పింది మీరు ఒప్పుకోవద్దు. మొదటి అడ్డంకి మీకూ తెలిసిందే, అబ్బాయికి బడి ఉంటుంది. రెండోది చాలామందికి తెలియదు. మీ నాన్నగారు ఏ సంగీతం కోసం అంత దూరం వెళ్తున్నారో ఆ సంగీతం జూలై, ఆగస్టు నెలల్లో ఆ ఊళ్ళో ఉండదు. ఒపేరా అంటే పాటలతో సాగే సంగీత నాటకం, వియన్నా స్టేట్ ఒపేరా సీజను సెప్టెంబరులో మొదలై జూన్ చివరతో ముగుస్తుంది. ఆ ఒపేరా ఆర్కెస్ట్రా సభ్యులే వియన్నా ఫిల్‌హార్మోనిక్ అనే ప్రసిద్ధ వాద్యబృందంలో కళాకారులు కూడా. వేసవిలో వాళ్ళు సాల్జ్‌బర్గ్ ఉత్సవానికి వెళ్తారు. 1870లో ప్రారంభమైన మ్యూజిక్‌ఫెరైన్ భవనంలో, ఆ ప్రసిద్ధమైన బంగారు హాలులో, ప్రధానమైన కచేరీలు ఆ రెండు నెలలూ ఆగిపోతాయి. హోఫ్‌బర్గ్ రాజప్రాసాదంలోని ప్రార్థనాలయంలో ఆదివారాలు పాడే బాలుర గాయక బృందానికీ అప్పుడు సెలవే. పాతకాలపు విగ్గులు పెట్టుకుని పర్యాటకుల కోసం మోత్సార్ట్ ముక్కలు వాయించే కచేరీలు మాత్రం వేసవిలోనూ జరుగుతాయి. రాట్‌హౌస్ ముందు పెద్ద తెర మీద సంగీత చిత్రాలు ఉచితంగా చూపిస్తారు, అవి బాగుంటాయి. కానీ జీవితమంతా సంగీతం విన్న మనిషికి ఆ హాలులో కూర్చోవడమే కావాలి కదా.

మూడో విషయం వేడి. గోదావరి జిల్లాల్లో 42 డిగ్రీలు చూసినవాళ్ళం, 33 మాకో లెక్కా అని మీరు అనుకోవచ్చు. లెక్కే. అక్కడి గదుల్లో సీలింగు ఫ్యాను ఉండదు. నగరం నడిబొడ్డున ఉన్న భవనాల్లో ఎక్కువ భాగం పందొమ్మిదో శతాబ్దపువి, చలిని ఆపడానికి కట్టినవి. ఏసీ లేని హోటళ్ళు, అద్దె అపార్ట్‌మెంట్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి. ఒకప్పుడు 30 డిగ్రీలు దాటే రోజులు ఏడాదికి పది వరకు ఉండేవి. ఇటీవలి వేసవుల్లో అంతకు రెండింతలు దాటడం మామూలైపోయింది. సూర్యుడు రాత్రి తొమ్మిదింటి దాకా గోడలను కాలుస్తుంటే పదకొండింటికి కూడా గది చల్లబడదు. తప్పనిసరిగా ఆ నెలల్లోనే వెళ్ళేవారు ఎవరైనా ఇది చదువుతుంటే, హోటలు బుక్ చేసే ముందు గదిలో ఏసీ ఉందా అని రాసి అడగండి.

ఇప్పుడు మే. ఆస్ట్రియా రైతులు మే 12 నుంచి 15 వరకు ఉన్న రోజులను మంచు మునుల రోజులు అంటారు. పాంక్రాస్, సెర్వాస్, బోనిఫాస్, చివరగా చల్లని సోఫీ. ఆ నలుగురి పేర్లున్న రోజులు దాటేదాకా లేత మొక్కలను బయట నాటరు. ఆలోపు ఏ రాత్రి అయినా మళ్ళీ చలి విరుచుకుపడవచ్చని వాళ్ళ నమ్మకం, అనుభవం కూడా. అందుకే మే 15 దాటాక అన్నాను. ఆ తర్వాత పగలు 20 నుంచి 24 డిగ్రీలు, రాత్రి 10 నుంచి 13 డిగ్రీల మధ్య ఉండడం సాధారణం. ఇక్కడ రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగిలే రోజుల్లో అక్కడ మీ అమ్మగారు స్వెటరు వేసుకుని తోటలో బెంచీ మీద కూర్చుంటారు.

ఆ తోట ఫోల్క్స్‌గార్టెన్ అయితే ఇంకా మంచిది. మే చివర, జూన్ మొదట్లో అక్కడ వందల గులాబీ మొక్కలు ఒకేసారి పూస్తాయి. హోఫ్‌బర్గ్ రాజప్రాసాదం పక్కనే, ట్రాము దిగి కొద్ది అడుగులు. షోన్‌బ్రున్ ప్యాలెస్ ఉద్యానవనం కూడా అప్పుడు నిండుగా ఉంటుంది. అక్కడ వెనుక గుట్ట మీదున్న గ్లోరియెట్ దాకా అమ్మగారిని నడిపించవద్దు. వేడి నెలల్లో తోట చుట్టూ తిరిగే చిన్న బండి ఉంటుంది, అది ఎక్కించండి. మెట్రో స్టేషన్లన్నిటిలో లిఫ్టులు ఉన్నాయి, ట్రాముల్లో చాలావరకు నేల మట్టంగా ఉండేవే. పాత ఊరి చుట్టూ ఉన్న రింగు రోడ్డు వెంట వెళ్ళే 1, 2, డి నంబరు ట్రాములు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే పార్లమెంటు, ఒపేరా, మ్యూజియాలు చాలావరకు కనిపిస్తాయి. వర్షం పడిన సాయంత్రానికి అంతకన్నా మంచి కాలక్షేపం లేదు.

వర్షం తప్పకుండా పడుతుంది, ముందే చెబుతున్నాను. వియన్నాలో వానలు ఎక్కువగా మే నుంచి ఆగస్టు వరకే. అయితే మనం వాన అనుకునేది వేరు. మే నెల మొత్తానికి అక్కడ కురిసేది సుమారు 70 మిల్లీమీటర్లు. మన దగ్గర అల్పపీడనం పట్టిన ఒక్క రోజులో అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఓ గంట జల్లు, తర్వాత ఎండ, మళ్ళీ గాలి. గొడుగు కన్నా టోపీ ఉన్న పలుచని రెయిన్ జాకెట్ మేలు, ఆ గాలికి గొడుగు తిరగబడుతుంది. అమ్మగారికి శాలువా మాత్రమే సరిపోదు. చీర మీద వేసుకునేలా గాలిని ఆపే జాకెట్ ఒకటి, మేజోళ్ళు, జారని బూట్లు కావాలి. ఒపేరాకు, కచేరీకి మాత్రం పట్టుచీర కట్టుకుని వెళ్ళమనండి. జాకెట్లు ముందే తీసుకుని భద్రపరిచే చోటు ప్రతి హాలులోనూ ఉంటుంది.

కచేరీ టికెట్లు వీసా రాగానే కొనండి. ఒపేరాలో తక్కువ ధరకు నిలబడి చూసే టికెట్లు ఉంటాయి గాని పెద్దవాళ్ళకు అవి వద్దు. ఇంకో మంచి మాట ఉంది. మే, జూన్ నెలల్లో కొన్ని రోజులు లోపల జరుగుతున్న ఒపేరాను భవనం పక్కన పెద్ద తెర మీద ప్రత్యక్షంగా చూపిస్తారు. కుర్చీలు వేస్తారు, టికెట్టు ఉండదు. నాన్నగారు ఒక రోజు లోపల విని, ఇంకో రోజు బయట కూర్చుని వినవచ్చు. షోన్‌బ్రున్ తోటలో ఫిల్‌హార్మోనిక్ వారి ఉచిత వేసవి రాత్రి కచేరీ కూడా సాధారణంగా ఈ రోజులకు కొంచెం అటూఇటూగా వస్తుంది. కానీ దానికి వేలమంది వస్తారు, చాలాసేపు నిలబడాలి. మీవారూ అబ్బాయీ వెళ్తే చాలు.

డాన్యూబ్ నది మీద ఒక రోజు పెట్టుకోండి. పాపికొండల లాంచీ ప్రయాణం ఎరిగిన ఊరివాళ్ళు మీరు, మెల్క్ నుంచి క్రెమ్స్ వైపు సాగే వాఖావ్ లోయ పడవ ప్రయాణం మీకు పరాయిగా అనిపించదు. రెండు వైపులా కొండలు, వాటి మీద ద్రాక్షతోటలు, పాత కోటలు. అమ్మగారు మెట్టు ఎక్కే పని లేకుండా అన్నీ కూర్చునే చూస్తారు. ఈ పడవలు ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకే నడుస్తాయి. డిసెంబరులో వెళ్తే ఇదీ లేదు.

మీవారి మంచు సంగతి చెబుతానన్నాను. వియన్నాకు నైరుతి దిక్కున ష్నేబెర్గ్ అనే పర్వతం ఉంది, ఎత్తు 2,076 మీటర్లు. పుఖ్‌బెర్గ్ అనే ఊరి నుంచి పళ్ళచక్రాల రైలు దాదాపు 1,800 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. మే నెలలో పైన గండ్లలో, నీడ పట్టున మంచు ఇంకా మిగిలి ఉండే సంవత్సరాలు చాలా ఉంటాయి. తండ్రీ కొడుకులు పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. పైన చలి, గాలి ఎక్కువ కనుక నాన్నగారిని తీసుకెళ్ళవద్దు. ఆ రోజు మీరు ముగ్గురూ కేఫ్‌లో తీరికగా గడపండి. వియన్నాలో ఒక కాఫీ తెప్పించుకుని రెండు గంటలు కూర్చున్నా ఎవరూ లేవమనరు.

మేలో నాన్నగారి విషయంలో జాగ్రత్త పడవలసింది ఒకటుంది. అప్పుడు గడ్డి పుప్పొడి గాలిలో ఎక్కువగా ఉంటుంది, జూన్‌లో మరీను. ఆయనకు ఆయాసం చలికే వస్తుందా, దుమ్మూ పుప్పొడికీ వస్తుందా అన్నది టికెట్లు కొనేముందే డాక్టరును అడిగి తెలుసుకోండి. పుప్పొడికి కూడా వచ్చేటట్లయితే నా సలహా మారుతుంది, దసరా సెలవులే ఎంచుకోండి. చలికి మాత్రమే అయితే మే ఫర్వాలేదు. ఇన్‌హేలరు చేతి సంచిలోనే ఉంచాలి. పొడిగా, గాలిగా ఉన్న మధ్యాహ్నాలు మ్యూజియంకు, వాన వెలిసిన తర్వాత తోటకు. ఉరుములతో వాన మొదలయ్యే వేళ మాత్రం లోపలే ఉండాలి, అప్పుడు ఉబ్బసం ఉన్నవారికి ఇబ్బంది పెరగవచ్చు.

ఆ వారాల్లో చర్చి పండుగల సెలవులు కొన్ని వస్తాయి, తేదీలు ఈస్టరును బట్టి మారుతుంటాయి. సెలవు నాడు, ఆదివారం నాడు కూరగాయల దుకాణాలు, సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, శనివారం సాయంత్రం ఆరింటితోనే కట్టేస్తారు. అపార్ట్‌మెంటు తీసుకుని వండుకునేటట్లయితే పాలు, పెరుగు, కూరలు ముందే తెచ్చిపెట్టుకోండి. పెద్ద రైల్వే స్టేషన్లలో కొన్ని దుకాణాలు తెరిచే ఉంటాయి. శాకాహారులైతే మే నెలలో తెల్ల ఆస్పరాగస్ వంటకం చాలా హోటళ్ళలో దొరుకుతుంది, రుచి చూడండి. మంచినీళ్ళ సీసాలు మోయనక్కరలేదు. 1873 నుంచి ఆల్ప్స్ ఊటనీళ్ళు గొట్టాల ద్వారా ఊరికి వస్తున్నాయి, కొళాయి నీళ్ళే తాగవచ్చు.

దసరా సెలవుల మాట. సెప్టెంబరు చివర్లో అయితే పగలు దాదాపు 20 డిగ్రీలు, అక్టోబరు మధ్యకు వచ్చేసరికి 15. ఒపేరా, కచేరీలు అప్పటికే మొదలై ఉంటాయి. గడ్డి పుప్పొడి ఉండదు, వానలు తక్కువ. నగరం హద్దుల్లోనే 600 హెక్టార్లకు పైగా ద్రాక్షతోటలున్నాయి, అది కోతల కాలం, ఆకులు పసుపు తిరుగుతుంటాయి. పగలు మాత్రం పదకొండు పన్నెండు గంటలే, పెద్దవాళ్ళకు మధ్యాహ్నపు విశ్రాంతి తర్వాత మిగిలేది రెండు మూడు గంటలు. అందుకే దాన్ని రెండో స్థానంలో పెట్టాను. ఆ ఏడాది దసరా అక్టోబరు చివరి వైపు వస్తుంటే ఇంకా ఆలోచించండి. అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారాలను గంట వెనక్కి జరుపుతారు, ఆ రోజు నుంచే ఐదు కాకముందే సూర్యాస్తమయం. ఏ నెలనూ గుడ్డిగా నమ్మలేమన్నదీ గుర్తుంచుకోండి. 2024 సెప్టెంబరు మధ్యలో కుండపోత వానలకు వియన్నా నది పొంగి మెట్రో మార్గాలు కొన్ని ఆగిపోయాయి.

చివరగా వీసా. ఆస్ట్రియాతో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు, 15 రోజుల ముందు అన్నది ఆఖరి గడువు. మే ప్రయాణమైతే డిసెంబరులోనే పత్రాలు సిద్ధం చేసుకుని జనవరిలో అపాయింట్‌మెంటు తీసుకోండి. మార్చి నుంచి వేసవి సెలవుల రద్దీ మొదలై తేదీలు దొరకడం కష్టమవుతుంది. పెద్దలకు రుసుము 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు 45. అబ్బాయికి అప్పటికి పన్నెండు నిండుతాయా అన్నది చూసుకోండి. కనీసం 30,000 యూరోల ఆరోగ్య బీమా తప్పనిసరి. మామూలు ప్రయాణ బీమాల్లో చాలావాటికి అంతకుముందే ఉన్న జబ్బులు వర్తించవు. నాన్నగారి ఉబ్బసం, అమ్మగారి మోకాళ్ళ గురించి దాచకుండా రాసి, వాటికి కూడా వర్తించే పాలసీ తీసుకోండి. కొంచెం ఖర్చు పెరిగినా ఇక్కడ మాత్రం పొదుపు చేయవద్దు.